హెడింగ్లీ, హైడ్ పార్క్ (లీడ్స్) అసలు ఎలాంటి ఏరియా? ఉన్నవాళ్లు చెప్పండి

పల్నాటి_కుర్రాడు
అందరికీ నమస్కారం. సెప్టెంబర్ ఇన్‌టేక్‌లో ఇంగ్లండ్‌లోని యూనివర్సిటీ ఆఫ్ లీడ్స్‌కి మాస్టర్స్ చేయడానికి వస్తున్నాను. సీనియర్లని అడిగితే సగం మంది "హైడ్ పార్క్‌లో తీసుకో, క్యాంపస్‌కి నడిచి వెళ్లొచ్చు" అంటున్నారు. మిగతా సగం "అక్కడ వద్దురా బాబూ, నిద్ర ఉండదు" అంటున్నారు. స్ట్రీట్ వ్యూ పెట్టుకుని చూస్తే అన్నీ ఎర్ర ఇటుకల ఇళ్లే, ఏ వీధి ఏదో తెలియట్లేదు. రూమ్ లింకులు అడగట్లేదు, వాటికి వేరే త్రెడ్ ఉంది. ఎవరుంటారు, వాతావరణం ఎలా ఉంటుంది, రాత్రిపూట ఏమిటి పరిస్థితి, అవి కావాలి. ఇంట్లో అమ్మ ఒకటే టెన్షన్. ఆవిడకి చెప్పడానికైనా ఏదో ఒకటి ఉండాలి కదా.

ఐదోరోజు_పిచ్
హెడింగ్లీ అంటే క్రికెట్ గ్రౌండే కదా! 2002లో ద్రవిడ్, సచిన్, గంగూలీ ముగ్గురూ సెంచరీలు కొట్టి ఇన్నింగ్స్ తేడాతో గెలిపించిన చోటు. 2025 జూన్‌లో మనవాళ్లు ఐదు సెంచరీలు కొట్టి కూడా ఓడిపోయిన చోటు. అక్కడ జనం కాపురాలు కూడా చేస్తారని ఇప్పుడే తెలిసింది.

బ్రూడెనెల్_బావ
చేస్తారు బాస్, మ్యాచ్ ఉన్న రోజు కారు పెట్టుకోవడానికి చోటు దొరక్క తిట్టుకుంటూ మరీ చేస్తారు.

తమ్ముడూ, ముందు దిక్కులు చెప్తాను. క్యాంపస్ నుంచి వుడ్‌హౌస్ లేన్ మీద పైకి నడిస్తే ఎడమ చేతి వైపు పెద్ద పచ్చిక మైదానం వస్తుంది. దాని అసలు పేరు వుడ్‌హౌస్ మూర్. స్టూడెంట్లు హైడ్ పార్క్ అనే అంటారు. దానికి అవతల, పక్కనున్న బర్లీ అనే ఏరియా వైపు దిగే వీధులన్నీ హైడ్ పార్క్ ఏరియా. అదే మెయిన్ రోడ్డు పట్టుకుని ఇంకా ముందుకెళ్తే హెడింగ్లీ. సిటీ సెంటర్ నుంచి హెడింగ్లీకి 2 మైళ్లుంటుంది. రెండిటికీ పోస్ట్‌కోడ్ ఎల్‌ఎస్6. ఇక్కడ పిల్లలు ఏరియా పేరు కూడా చెప్పరు, "ఎల్‌ఎస్6లో ఉంటున్నా" అంటారు.

రెండూ పక్కపక్కనే ఉన్నా తీరు వేరు. హైడ్ పార్క్‌లో ఇరుకు వీధులు, ఇటుక ఇళ్లు, గుమ్మం దిగితే ఫుట్‌పాత్. హెడింగ్లీకి వచ్చేసరికి చెట్లు, పెద్ద పెద్ద రాతి ఇళ్లు, కాఫీ షాపులు, కుక్కని తిప్పుకునే రిటైర్డ్ ప్రొఫెసర్లు. ఏ ఇల్లు ఎవరిదో కనిపెట్టడం తేలిక. ముందు సోఫా పడి ఉంటే స్టూడెంట్లది. పూలకుండీ ఉంటే కాదు. సోఫాలో పూలకుండీ ఉంటే పీహెచ్‌డీ వాళ్లది.

సీతమ్మధార
పీహెచ్‌డీ మాట నిజం, మా పక్కిల్లే.

మేం హెడింగ్లీలో పిల్లలతో ఉంటున్నాం. కార్డిగన్ రోడ్డుకి దగ్గర. బాబూ, నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు నెలని బట్టి ఉంటుంది. జులైలో వచ్చి చూస్తే ఇంత ప్రశాంతమైన చోటు ఉండదనుకుంటావు. వీధిలో సగం ఇళ్లు ఖాళీ, కారు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. సెప్టెంబర్ చివరి వారంలో వస్తే సూట్‌కేసులు, అమ్మానాన్నల కార్లు, ఆ వెంటనే రాత్రుళ్లు పాటలు. కొత్తగా ఇంటి నుంచి బయటపడ్డ పంతొమ్మిదేళ్ల పిల్లలు, పట్టపగ్గాలుండవు. నవంబర్‌కి చలి పట్టుకుని వాళ్లంతట వాళ్లే చల్లబడతారు.

నేను ఏటా ఒక పని చేస్తాను. పక్కిల్లు నిండగానే వెళ్లి తలుపు కొట్టి పరిచయం చేసుకుంటాను. నల్ల చెత్త బిన్ను ఏ రోజు, ఆకుపచ్చ బిన్ను ఏ రోజు కాగితం మీద రాసిస్తాను. నా ఫోన్ నంబరిస్తాను. "పార్టీ ఉంటే ముందు చెప్పండి, పిల్లల పరీక్షలుంటే నేను చెప్తాను" అంటాను. చాలామంది వింటారు. విసుగేమిటంటే, వాళ్లకి అలవాటయ్యేసరికి జూన్ వస్తుంది. మళ్లీ కొత్త మొహాలు, మళ్లీ అదే కాగితం.

మ్యాప్‌లపిచ్చి
సీతమ్మధార అక్క చెప్పిందే అసలు విషయం. నేను ఇక్కడ టౌన్ ప్లానింగ్ చదువుతున్నాను, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

నన్నడిగితే ఈ ఏరియాలో అన్నిటికీ మూలం అగ్రిమెంటు తారీఖులు. లీడ్స్‌లో స్టూడెంట్ ఇళ్ల కాంట్రాక్టులు ఏళ్లుగా జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తూ వచ్చాయి. అంటే వేల మంది ఒకే వారంలో ఖాళీ చేసి, ఒకే వారంలో దిగుతారు. చెత్త ఒకేసారి పోగవుతుంది. వ్యాన్లు ఒకేసారి వస్తాయి. క్లీనింగ్ వాళ్లకి, పెయింటర్లకి ఊపిరాడదు. అక్కడి షాపులు కూడా ఆ లెక్కతోనే నడుస్తాయి. తొమ్మిది నెలలు కిటకిట, మూడు నెలలు ఈగలు తోలుకోవడం. అందుకే అక్కడ చవక తిండి, టేకవేలు, చిన్న సూపర్‌మార్కెట్లు నిలుస్తాయి గానీ, ఏడాది పొడుగునా గిరాకీ కావాల్సిన షాపులు నిలవడం కష్టం.

ఇళ్ల సంగతి. హైడ్ పార్క్‌లో చాలా వీధుల్లో బ్యాక్ టు బ్యాక్ ఇళ్లున్నాయి. మీ వెనక గోడే వెనకింటి వాళ్ల వెనక గోడ. పెరడు ఉండదు, వెనక కిటికీ ఉండదు, గాలీ వెలుతురూ అంతా ముందు నుంచే రావాలి. ఇవి ఆరోగ్యానికి మంచివి కావని 1909లో దేశమంతా కొత్తగా కట్టడం ఆపేస్తూ చట్టం చేశారు. లీడ్స్ మాత్రం అప్పటికే అనుమతి ఉన్న ప్లాన్ల పేరుతో 1937 దాకా కడుతూనే పోయింది. మిల్లు కార్మికుల కాలం నాటి ఇళ్లలో ఇప్పుడు నలుగురైదుగురు స్టూడెంట్లు. కింద సెల్లార్‌లో ఒక గది, పైన కప్పు కింద ఆటిక్‌లో ఇంకో గది. పెరడు లేదు కాబట్టి జనం వీధిలోనే కూర్చుంటారు. ఎండ వచ్చిందంటే గుమ్మం మెట్ల మీదే సభలు. చప్పుడు ఎక్కువని అందరూ తిడతారు గానీ, ఆ ఇళ్లు కట్టిన తీరుకి చప్పుడు ఇంకెక్కడికి పోతుంది?

బీఎస్సీ_రెండో_ఏడు
ధన్యవాదాలు అన్నా. మా తరఫున మాట్లాడేవాడు ఒక్కడైనా ఉన్నాడు.

నేను రాయల్ పార్క్ రోడ్డు పక్క సందులో ఉంటున్నా, ఇంట్లో ఆరుగురం. బిన్ల గురించి అందరూ మా మీద పడతారు. ఒక కుటుంబానికి సరిపోయే సైజు బిన్ను ఆరుగురు పెద్దవాళ్లకి ఎలా సరిపోతుంది? రెండు వారాలకే మూత పడదు. మూత పడకపోతే పక్కన పెట్టిన సంచులు తీసుకెళ్లరు. రాత్రికి నక్కలు వచ్చి చింపుతాయి. పొద్దున్నే వీధంతా పిజ్జా డబ్బాలు. అప్పుడు ఫొటో తీసి "చూడండి స్టూడెంట్ల నిర్వాకం" అని పోస్టు పెడతారు.

ఓరుగల్లు_మాస్టారు
అబ్బాయ్, ఇంకో బిన్ను కావాలని అడగాల్సింది మీ ల్యాండ్‌లార్డ్‌ని. ఆయన అడగకపోతే కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వాళ్లకి కలలోకి రాదు. నేను ల్యాండ్‌లార్డ్‌నే, అందుకే చెప్తున్నాను. ఇక్కడ నన్ను తిట్టేవాళ్లు వరస కట్టొచ్చు.

నేను 90ల చివర్లో ఇక్కడ ఇల్లు కొన్నాను. అప్పుడు మా వీధిలో కుటుంబాలు, స్టూడెంట్లు కలిసే ఉండేవారు. తర్వాత యూనివర్సిటీల్లో సీట్లు పెరుగుతూ పోయాయి, హాస్టళ్లు ఆ వేగంతో పెరగలేదు. నాలుగు బెడ్‌రూముల ఇల్లు కుటుంబానికి ఇస్తే వచ్చే అద్దె ఒకటి. నలుగురు స్టూడెంట్లకి గదికింత అని ఇస్తే వచ్చేది ఇంకొకటి. వీధిలో సగం దాటి స్టూడెంట్ ఇళ్లయ్యాక, మిగిలిన కుటుంబం అమ్మకానికి పెడితే వచ్చేది ఇంకో ల్యాండ్‌లార్డే. పిల్లలున్నవాళ్లు ఆ వీధిలో ఎందుకు కొంటారు? అలా ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

పిల్లలు లేకపోతే బడి ఉండదు. రాయల్ పార్క్ ప్రైమరీ స్కూల్ విక్టోరియా రాణి కాలం నాటి భవనం. 2004లో మూసేశారు. దాన్ని నిలబెట్టాలని స్థానికులు ఏళ్ల తరబడి పోరాడారు, 2009లో కొంతమంది లోపలికి వెళ్లి కూర్చున్నారు కూడా. 2014లో పడగొట్టేశారు. ఇప్పుడక్కడ పచ్చిక ఉంది. హెడింగ్లీ ప్రైమరీ స్కూల్ కాస్త అదృష్టం చేసుకుంది. అక్కడివాళ్లే ట్రస్టుగా ఏర్పడి ఆ భవనాన్ని హార్ట్ అనే కమ్యూనిటీ సెంటర్‌గా మార్చి 2011లో తెరిచారు.

సీతమ్మధార
మాస్టారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. కుటుంబాలు వెళ్లిపోయాయని మీరు బాధపడుతున్నారు సరే, వెళ్లిపోయిన వాళ్ల ఇళ్లు మీరెన్ని కొన్నారు?

ఓరుగల్లు_మాస్టారు
రెండు, అమ్మా.

బ్రూడెనెల్_బావ
🙈

మ్యాప్‌లపిచ్చి
ఇలా ఒక ఏరియా స్టూడెంట్ల చుట్టూ మారిపోవడాన్ని స్టూడెంటిఫికేషన్ అంటారు. 2002లో డారెన్ స్మిత్ అనే జాగ్రఫీ పరిశోధకుడు తెచ్చిన మాట. దాని మీద రాసిన వాటిలో హెడింగ్లీ ప్రస్తావన లేనివి తక్కువ.

కౌన్సిల్ చేసింది కూడా చెప్పాలి. ఇంగ్లండ్‌లో మామూలు ఇంటిని ముగ్గురి నుంచి ఆరుగురి దాకా సంబంధం లేనివాళ్లు ఉండే షేర్డ్ ఇల్లుగా మార్చడానికి ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు. కానీ ఆర్టికల్ 4 అనే ఆదేశం పెట్టిన చోట తప్పనిసరి. లీడ్స్‌లో ఈ ఏరియాలన్నిటికీ అది 2012 ఫిబ్రవరి 10న అమల్లోకి వచ్చింది. అప్పటికే షేర్డ్‌గా ఉన్నవాటిని మాత్రం ముట్టుకోదు. దాంతో కొత్తవి పెరగడం తగ్గింది, ఉన్నవాటికి గిరాకీ పెరిగింది. మాస్టారి రెండు ఇళ్లకీ అందుకే డిమాండ్.

ఓరుగల్లు_మాస్టారు
అంత డిమాండ్ ఇప్పుడేం లేదు నాయనా. పిల్లలంతా సిటీ సెంటర్‌లో టవర్లకి పోతున్నారు. క్లే పిట్ లేన్‌లో స్కై ప్లాజా 2009లో లేచింది, 37 అంతస్తులు. ఆ తర్వాత దాని చుట్టూ వరసగా కట్టారు. జిమ్ము, సినిమా గది, రిసెప్షన్, అన్నీ. పై ఊళ్ల నుంచి వచ్చే వాళ్ల తల్లిదండ్రులకి అదే నచ్చుతుంది. నా ఇళ్లలో ఒకటి ఈ మధ్య ఉద్యోగాలు చేసుకునే ముగ్గురికి ఇచ్చాను.

నిద్రలేని_నర్సు
రాత్రి సంగతి అడిగావు కదా తమ్ముడూ. నేను నైట్ షిఫ్టులు చేసేదాన్ని, హెరాల్డ్ వీధుల్లో ఉన్నాను. హెరాల్డ్ గ్రోవ్, హెరాల్డ్ టెర్రస్ ఇలా ఒకే పేరుతో వరసగా వీధులుంటాయి, కొత్తవాళ్లు తప్పిపోవాల్సిందే. టాక్సీ డ్రైవర్లే తడబడతారు.

జనం అర్ధరాత్రి కూడా తిరుగుతుంటారు కాబట్టి ఒంటరిగా ఉన్నట్టు అనిపించదు. కానీ చీకటి పడ్డాక వుడ్‌హౌస్ మూర్ మధ్యలోంచి అడ్డంగా నడవకు. రెండు నిమిషాలు ఎక్కువైనా రోడ్డు పక్క ఫుట్‌పాత్ పట్టుకో. దొంగతనాలు ఉన్నాయి, దాచేదేం లేదు. హైడ్ పార్క్‌లోని చెస్ట్‌నట్ అవెన్యూకి దేశంలోనే ఎక్కువ దొంగతనాలు జరిగే వీధి అని ఒకప్పుడు పేపర్లలో పేరు పడింది. కారణం పెద్ద రహస్యమేం కాదు. ఒక్కో ఇంట్లో ఐదారు ల్యాప్‌టాప్‌లు, తలుపు గొళ్లెం పెట్టని ఐదారుగురు. కింది గది కిటికీ మూయడం, ల్యాప్‌టాప్ కిటికీకి కనపడకుండా పెట్టడం, ఈ రెండూ చేస్తే సగం గొడవ వదులుతుంది.

నిద్ర సంగతికి వస్తే, రాత్రుల కన్నా నాకు శనివారం మధ్యాహ్నాలు నరకం. ఓట్లీ రన్ గురించి ఎవరూ చెప్పలేదేం?

పల్నాటి_కుర్రాడు
అక్కా, ఓట్లీ రన్ అంటే మారథానా?

బీఎస్సీ_రెండో_ఏడు
😂😂 అవును, మారథానే. మంచినీళ్లకి బదులు బీరు.

బ్రూడెనెల్_బావ
హెడింగ్లీకి పైన ఉన్న ఫార్ హెడింగ్లీలో ఒక పబ్బుతో మొదలుపెట్టి, ఓట్లీ రోడ్డు మీద ఒక్కో పబ్బులో ఒక్కో గ్లాసు తాగుతూ సిటీ సెంటర్ దాకా దిగడం. దారిలో 15కి పైనే పబ్బులుంటాయి. ఊరికే కాదు, అందరూ వేషాలు కట్టుకుని. నేను మొదటిసారి చూసినప్పుడు ఒక ముఠా మొత్తం ట్రాఫిక్ కోన్‌ల వేషం. రోడ్డు దాటుతుంటే కార్లు నిజంగానే ఆగిపోయాయి. మధ్యలో సెయింట్ మైకేల్స్ చర్చి దగ్గర ఒరిజినల్ ఓక్, స్కైరాక్ అని రెండు పబ్బులు రోడ్డుకి అటూ ఇటూ ఎదురెదురుగా ఉంటాయి. అక్కడికి వచ్చేసరికి జాతరే. ఇప్పుడు స్టూడెంట్లే కాదు, పెళ్లికి ముందు బ్యాచిలర్ పార్టీలకి పక్క ఊళ్ల నుంచి కూడా దిగుతున్నారు.

ఐదోరోజు_పిచ్
టెస్టు మ్యాచ్ శనివారం గ్రౌండ్‌లో వెస్టర్న్ టెర్రస్ అనే స్టాండ్‌లో వేషాలేసుకుని కూర్చునే వాళ్లూ వీళ్లూ ఒకటేనా?

సీతమ్మధార
రెండూ ఒకే శనివారం పడ్డ రోజు మేం ఊళ్లో ఉండం. ఆ వేషాల వాళ్లలో నలభై దాటినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి, ఆ తర్వాత స్టూడెంట్లని తిట్టండి. మా గేటు దగ్గర వాంతి చేసుకుని క్షమాపణ చెప్పి పైపు పట్టుకుని కడిగి వెళ్లింది స్టూడెంటే. చూసి నవ్వుతూ వెళ్లిపోయింది పెద్దమనుషులు.

పల్నాటి_కుర్రాడు
అమ్మకి ఈ త్రెడ్ చూపించే ఆలోచన విరమించుకున్నాను.

తాగని వాళ్లకి అక్కడ ఏముంటుంది? మనవాళ్లు, మన సరుకులు దొరుకుతాయా?

నిద్రలేని_నర్సు
అయ్యో, అసలు మంచి సంగతులు చెప్పనేలేదు. హైడ్ పార్క్‌లో స్టూడెంట్ల కన్నా ముందు నుంచీ పాతుకుపోయిన పాకిస్తానీ, ఇండియన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. సరుకుల షాపుల్లో కొత్తిమీర కట్టలు కట్టలుగా, పచ్చిమిర్చి ఘాటువి, పెద్ద బియ్యం సంచులు, కందిపప్పు, అన్నీ నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు. కరివేపాకు వచ్చిన రోజు అడిగి తెలుసుకో, మర్నాటికి ఉండదు. రాత్రి పొద్దుపోయి దిగినా ఏదో ఒక షాపు తెరిచే ఉంటుంది. రంజాన్‌లో సాయంత్రాలు వీధంతా వంటల వాసన.

బ్రూడెనెల్_బావ
మా వీధి మొగలో మక్కా మసీదు ఉంది, 2003లో కట్టింది. మా రూమ్మేట్ పాతబస్తీ వాడు. దిగిన రోజు వాళ్లమ్మకి ఫోన్ చేసి "మక్కా మసీద్ పక్కనే ఉంటున్నా" అన్నాడు. ఆమె "ఎయిర్‌పోర్ట్ నుంచి వెనక్కి వచ్చేశావా" అని కంగారు పడింది.

తాగని వాళ్లకి నా ఓటు హైడ్ పార్క్ పిక్చర్ హౌస్. 1914లో తెరిచిన సినిమా హాలు. గ్యాస్ దీపాలు ఇప్పటికీ వెలుగుతాయి. బాగు చేయడానికి కొన్నేళ్లు మూసి, 2023లో మళ్లీ తెరిచారు, కింద ఇంకో చిన్న తెర కూడా పెట్టారు. స్టూడెంట్ టికెట్ తక్కువ. దానికి దగ్గర్లోనే బ్రూడెనెల్ సోషల్ క్లబ్, 1913 నాటి కార్మికుల క్లబ్బు. ఒక మూల ముసలాళ్లు బిలియర్డ్స్ ఆడుతుంటారు, పక్క హాల్లో బ్యాండ్ వాయిస్తుంటుంది. స్టూడెంట్లు మాత్రమే ఉన్న చోటయితే ఈ రెండూ ఎప్పుడో మూతపడేవి. పాతవాళ్లు పట్టుబట్టి నిలబెట్టారు, డబ్బులు స్టూడెంట్ల టికెట్ల నుంచి వస్తున్నాయి.

మ్యాప్‌లపిచ్చి
ఇది మంచి పాయింట్. స్టూడెంట్ల వల్ల బడులు పోయాయి అన్నాం, కానీ బస్సులు పోలేదు. నిమిషాల తేడాతో బస్సు, రాత్రి పొద్దుపోయేదాకా. బర్లీ పార్క్, హెడింగ్లీ అని రెండు రైల్వే స్టేషన్లు కూడా ఉన్నాయి. జనం వత్తుగా ఉంటేనే ఇవి నిలుస్తాయి.

పల్నాటి_కుర్రాడు
చాలా థాంక్స్ అందరికీ. ఇప్పుడు అసలు సందేహం. నేను సెప్టెంబర్‌లో వస్తాను, కాంట్రాక్టులు జులైలో మొదలవుతాయి అంటున్నారు. మరి నాకు ఇల్లు మిగులుతుందా? ఒక ఏజెంటు అయితే యూకేలో గ్యారంటర్ (అద్దెకి హామీ ఉండే మనిషి) లేకపోతే ఆరు నెలల అద్దె ముందే కట్టమన్నాడు.

మ్యాప్‌లపిచ్చి
మిగులుతుంది. డిగ్రీ పిల్లలు నవంబర్ నుంచే గుంపులు కట్టి వచ్చే ఏడాది ఇల్లు పట్టేసుకుంటారు, మన మాస్టర్స్ వాళ్లకి ఎవరో తప్పుకున్న గదులు, ఆగస్టులో ల్యాండ్‌లార్డ్‌లు కంగారుగా పెట్టే గదులు దొరుకుతాయి. ఏరుకోగా మిగిలిన గదులు అనుకో, కానీ బేరం బాగుంటుంది.

ఆరు నెలల అడ్వాన్సు గురించి: రెంటర్స్ రైట్స్ యాక్ట్ (అద్దెకుండేవాళ్ల హక్కుల చట్టం) ప్రకారం 2026 మే 1 నుంచి ప్రైవేటు ల్యాండ్‌లార్డ్ ఒక నెల అద్దెకి మించి ముందుగా అడగకూడదు. ఆ ఏజెంటుకి ఈ మాట రాతపూర్వకంగా పంపు. నిబంధనలకి ఒప్పుకున్న పెద్ద స్టూడెంట్ టవర్లకి మాత్రం ఈ చట్టం వర్తించదు. డిపాజిట్ ఐదు వారాల అద్దెకి మించకూడదు, అది 2019 నుంచే ఉంది. తీసుకున్న 30 రోజుల్లో దాన్ని భద్రంగా ఉంచే ప్రొటెక్షన్ స్కీమ్‌లో పెట్టాలి.

ఇదే చట్టం వల్ల నవంబర్ హడావిడి కూడా మారవచ్చు. స్టూడెంట్ షేర్డ్ ఇంటిని వేసవిలో కొత్త బ్యాచ్ కోసం ఖాళీ చేయించుకునే హక్కు ల్యాండ్‌లార్డ్‌కి ఉంది. కానీ ఆరు నెలల కన్నా ముందే అగ్రిమెంటు చేసుకుంటే ఆ హక్కు వాడుకోలేడు. జులై ఇంటికి నవంబర్‌లో సంతకం అంటే ఆరు నెలలు దాటిపోయినట్టే.

ఓరుగల్లు_మాస్టారు
మా వాట్సాప్ గ్రూపులో ఇదే గోల. ఇంకో మాట అబ్బాయ్. ఇక్కడ అద్దె మనిషికి వారానికి ఇంత అని చెప్తారు. 4తో గుణించి నెలకి ఇంత అనుకోకు. 52తో గుణించి 12తో భాగించు. వారానికి 120 పౌండ్లంటే నెలకి 480 కాదు, 520. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు నా ముందు ఈ లెక్క దగ్గరే తెల్లమొహం వేస్తారు. కరెంటు, గ్యాస్, వైఫై కలిపా విడిగానా అన్నది కూడా అడుగు. ఆ ఇళ్లు పాతవి, చలికాలం గ్యాస్ బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి.

బ్రూడెనెల్_బావ
కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద కౌన్సిల్ వేసే పన్ను) గురించి కూడా చెప్పాలి, మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇంట్లో అందరూ ఫుల్ టైమ్ స్టూడెంట్లయితే ట్యాక్స్ లేదు. కోర్సు అయిపోయి గ్రాడ్యుయేట్ వీసా (చదువయ్యాక ఉండి పని చేసుకోనిచ్చేది) మీద ఒకడు అదే ఇంట్లో ఉండిపోయాడనుకో, ఇంటికి బిల్లు వస్తుంది. 25 శాతం తగ్గింపు ఇచ్చి, మిగతాది మొత్తం ఆ ఒక్కడి పేరు మీదే. స్టూడెంట్లకి బాధ్యత లేదు. గదికి విడివిడిగా అగ్రిమెంటు అయితే బిల్లు ల్యాండ్‌లార్డ్‌కి వెళ్తుంది. మా ఇంట్లో ఈ బిల్లు మీద నెల రోజులు మౌనవ్రతాలు నడిచాయి. ఎవడెవడు ఎప్పుడు స్టూడెంట్ కాకుండా పోతాడో దిగేటప్పుడే అడుగు.

అలాగే జాయింట్ అగ్రిమెంటు, అంటే అందరికీ కలిపి ఒకటే, అయితే ఒకడు ఎగ్గొట్టినా వాడి అద్దె మిగతావాళ్ల మెడకి చుట్టుకుంటుంది. స్నేహితులు అనుకుని సంతకం పెట్టకు.

పల్నాటి_కుర్రాడు
ఒక గది చూపించారు. హైడ్ పార్క్‌లోనే, ఆరుగురి ఇల్లు, నాది ఆటిక్. ఫొటోలో బాగానే ఉంది, ఏటవాలు కప్పు, కప్పులోనే కిటికీ. వీధి చప్పుడు పైకి తక్కువ వస్తుందని అన్నాడు. తీసుకోమంటారా?

నిద్రలేని_నర్సు
చప్పుడు తక్కువే, నిజం. కానీ ఫొటో చూసి మోసపోకు. నేను ఆటిక్‌లో ఉన్నాను. మంచం పక్కన లేచి నిలబడితే తల కప్పుకి తగిలేది, చీర కుచ్చిళ్లు కిందకి దిగివచ్చి పెట్టుకునేదాన్ని. వీడియో కాల్‌లో ఎవరినైనా గది మధ్యలో, గోడ పక్కన నిలబడమను.

మ్యాప్‌లపిచ్చి
కొలత అడుగు. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉండే షేర్డ్ ఇంటికి లైసెన్స్ తప్పనిసరి. లైసెన్స్ ఉన్న ఇంట్లో ఒక మనిషి పడుకునే గది 6.51 చదరపు మీటర్లకి తగ్గకూడదు. కప్పు ఎత్తు 1.5 మీటర్ల కన్నా తక్కువ ఉన్న చోటు ఆ లెక్కలోకి రాదు. ఆటిక్ గదులు దొరికిపోయేది ఇక్కడే. లైసెన్స్ ఉన్న ఇళ్ల జాబితా కౌన్సిల్ దగ్గర ఉంటుంది, అడ్రస్ కొట్టి చూసుకో.

ఓరుగల్లు_మాస్టారు
అది జాబితాలో లేకపోతే నాకు మెసేజ్ పెట్టు. నాది కింది గది ఒకటి ఖాళీ అవుతుంది.

మోడరేటర్
మాస్టారూ, ప్రకటనలు వేరే త్రెడ్‌లో.

బీఎస్సీ_రెండో_ఏడు
అన్నా, గది ఏదైనా సరే, టేబుల్ కుర్చీ కొనకు. జూన్ చివర్లో మా ఇంటి ముందు పెట్టేస్తాం, మంచివే.

పల్నాటి_కుర్రాడు
నేను వచ్చేది సెప్టెంబర్‌లో కదా తమ్ముడూ.

బీఎస్సీ_రెండో_ఏడు
అప్పటికి వానకి ఉబ్బిపోతాయి. సీతమ్మధార ఆంటీ గరాజ్‌లో చోటుందేమో అడగండి.

సీతమ్మధార
ఆంటీ అన్నావు కాబట్టి లేదు.